రామగుండం పొగ ఎవరి పద్దులో?

1979లో వాషింగ్టన్‌లో రెండు కాగితాలు వెలువడ్డాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతుందని అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి జూల్ చార్నీ కమిటీ ఇచ్చిన నివేదిక ఒకటి. రామగుండంలో ఎన్టీపీసీ కట్టబోయే బొగ్గు విద్యుత్ కేంద్రానికి ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన 20 కోట్ల డాలర్ల అప్పు పత్రం రెండోది. ఒకే ఊళ్లో వెలువడినా ఆ రెండూ ఒకే బల్ల మీదికి చేరలేదు.

అప్పు ఇచ్చినవాళ్లను తప్పుపట్టడం ఇప్పుడు సులువే. అప్పట్లో మన దగ్గర కరెంటు కోత రోజువారీ సంగతి. పంపుసెట్లు పెరుగుతున్నాయి, వాటికి చాలినంత విద్యుత్తు లేదు. సింగరేణి బొగ్గు పక్కనే ఉంది, గోదావరి నీళ్లున్నాయి, లేనిదల్లా డబ్బే. బ్యాంకులో పేద దేశాల కోసం పెట్టిన విభాగం ఐడీఏ ఆ డబ్బును వడ్డీ లేకుండా, నామమాత్రపు సేవా రుసుముతో, 50 ఏళ్ల గడువుతో ఇచ్చింది. అంతకు ముందే 1977లో సింగ్రౌలి, 1978లో కోర్బా బొగ్గు కేంద్రాలకు ఇచ్చి ఉంది. అసలు 1950లోనే దామోదర్ లోయలోని బొకారో బొగ్గు కేంద్రానికి అప్పిచ్చిన సంస్థ ప్రపంచ బ్యాంకు.

1983లో రామగుండం తొలి యూనిట్ నడిచింది. 2004లో ఏడోది వచ్చేసరికి సామర్థ్యం 2600 మెగావాట్లకు చేరింది. గనుల నుంచి బొగ్గు తెచ్చి, ఆగకుండానే దింపేసి వెనక్కి తిరిగే ప్రత్యేక రైళ్లు, పొరుగు రాష్ట్రాలకు సాగిన హైటెన్షన్ తీగలు, ఉద్యోగుల కోసం వెలసిన జ్యోతినగర్.

మరి ఈ పొగ ఎవరి లెక్కలోకి వస్తుంది? సంస్థలు తమ కర్బన లెక్క రాసుకోవడానికి 2001లో ఒక పద్ధతి వచ్చింది. సొంతంగా కాల్చిన ఇంధనం ఒక పద్దు, కొన్న కరెంటు మరో పద్దు, మిగిలినవన్నీ మూడోది. విమాన ప్రయాణాలూ పెట్టుబడులూ ఈ మూడో పద్దులోకే వస్తాయి, కానీ అది ఐచ్ఛికం. టికెట్లు లెక్కపెట్టడం తేలిక కాబట్టి అభివృద్ధి సంస్థలు వాటిని రాసుకున్నాయి. అప్పుల పొగ బయటే ఉండిపోయింది.

2007లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ సమితి సంస్థలన్నీ కర్బన తటస్థం కావాలని పిలుపునిచ్చారు. 2008 లెక్కలు తీస్తే మొత్తం సుమారు 17.4 లక్షల టన్నులని తేలింది. అందులో దాదాపు సగం విమాన ప్రయాణాలదే. వినడానికి పెద్ద అంకే. అయితే ఒక యూనిట్ బొగ్గు కరెంటుకు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన రామగుండం పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 60 వేల టన్నులు. ఐరాస ఏడాది పొడవునా వదిలినదాన్ని ఈ ఒక్క కేంద్రం నెల రోజుల్లో వదలగలదు. సమావేశాలకు విమానాలు తగ్గించడం మంచిదే, కాకపోతే అది చిల్లర లెక్క.

అప్పుల విషయంలో ప్రపంచ బ్యాంకు మీద అసలు ఒత్తిడి 2010లో వచ్చింది. దక్షిణాఫ్రికాలో 4800 మెగావాట్ల మెడుపి బొగ్గు కేంద్రం ప్రధానంగా, అక్కడి విద్యుత్ సంస్థ ఎస్కామ్‌కు 375 కోట్ల డాలర్ల అప్పు ఓటుకు వస్తే అతిపెద్ద వాటాదారైన అమెరికాయే దూరంగా ఉంది. అప్పు మాత్రం మంజూరైంది. మూడేళ్ల తర్వాత, అరుదైన సందర్భాల్లో తప్ప కొత్త బొగ్గు కేంద్రాలకు డబ్బివ్వబోమని బ్యాంకు ప్రకటించింది. 2018లో కొసొవో బొగ్గు విద్యుత్ ప్రాజెక్టు నుంచీ తప్పుకుంది.

రామగుండంలో బొగ్గు మాత్రం ఆగలేదు. పాత కేంద్రం ఆవరణలోనే ఎన్టీపీసీ తెలంగాణ కోసం 800 మెగావాట్ల యూనిట్లు రెండు కట్టింది. మొదటిదాన్ని 2023 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. బ్యాంకు బొగ్గుకు దూరం జరిగి అప్పటికి పదేళ్లయింది.