వంటకాల పట్టికలో రైతు పేరు

పూటకూళ్ళ ఇంటి భోజనం ఎట్లా ఉండేదో చెప్పే పద్యమొకటి క్రీడాభిరామంలో ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేరిట వెలసిన కృతి అది. శ్రీనాథునిదేనని వాదించిన పండితులూ ఉన్నారు. ఆ వివాదం ఇక్కడ అప్రస్తుతం. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో విహరిస్తూ ఉండగా లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు దొరికే భోజనం ప్రస్తావనకు వస్తుంది. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కమ్మని నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. (మిరపకాయ లేదు. అది అప్పటికింకా సముద్రం దాటి మన దేశానికి రాలేదు.) ధర ఉన్నది, ఇంటివారి పేరున్నది, ధాన్యపు జాతి సైతం ఉన్నది. ఆ కర్పూరభోగిని ఏ ఊరి కాపు పండించాడో మాత్రం కవి చెప్పలేదు. అడిగేవారూ ఉండి ఉండరు. చెరువుల కింది పైరు బండెక్కి సంతకు వచ్చే దారి తినేవానికి తెలిసినదే.

పండించినవాని పేరు భోజనశాల పట్టికకెక్కడం మన కాలపు సంగతి. పొలం నుండి నేరుగా పళ్ళెంలోకి అంటూ నేడు దేశదేశాలలో వెలుస్తున్న భోజనశాలలకు ఒరవడి దిద్దినవాటిలో ముఖ్యమైనది కాలిఫోర్నియాలోని బెర్క్లీ నగరంలో ఉన్నది. దాని పేరు షే పనీస్.

ఆ కథకు మూలం ఒక ప్రయాణంలో తిన్న భోజనమే. ఆలిస్ వాటర్స్ అనే బెర్క్లీ విద్యార్థిని 1965లో చదువు నిమిత్తం ఫ్రాన్సుకు వెళ్ళి, బ్రిటనీ ప్రాంతంలో ఒక చిన్న రాతి ఇంటి భోజనశాలలో తిన్నది. చేప పక్కనున్న ఏటిలోనిది; చివర వడ్డించిన పండ్లు పెరటిలోనివి. ఆ రుచి తనను వదలలేదని ఆమె తరువాత పలుమార్లు చెప్పుకొన్నది. తిరిగివచ్చి, చదువు ముగించి, మిత్రుల చేయూతతో 1971 ఆగస్టు 28న షాటక్ వీధిలోని ఒక పాత ఇంట భోజనశాల తెరిచింది. మార్సెల్ పాన్యోల్ నాటకాలలోని పనీస్ అనే పాత్ర పేరు దానికి పెట్టింది. పూటకు ఒకే భోజనం, ఎంపిక లేదు. మన పూటకూళ్ళమ్మ పద్ధతే! తొలినాటి ధర 3 డాలర్ల 95 సెంట్లు. ఇప్పుడది నూటయాభై డాలర్లు దాటింది.

అయితే తొలిరాత్రి వండిన బాతులు ఏ పొలం నుండీ రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌను అంగళ్ళలో కొన్నవి. కూరలూ చుట్టుపక్కల దుకాణాలవే. బ్రిటనీ రుచి వాటిలో లేదని వాటర్స్ గ్రహించి వెదకడం ప్రారంభించింది. ఫ్రాన్సు నుండి తెప్పించిన విత్తనాలతో ఇంటి వెనుక ఆకుకూరలు పెంచింది. ఇరుగుపొరుగువారు పెరటి పండ్లు తెచ్చియిచ్చి బదులుగా భోజనం చేసిపోయేవారట. గింజలు పోసి కూరలు కొన్న మన పల్లెలకు ఇది కొత్త కాదు.

పట్టికలో అసలు మార్పు వచ్చినది 1976 అక్టోబరు 7న. అప్పటి వంటవాడు జెరెమయా టవర్ ఫ్రెంచి పేర్లు మాని, ఇంగ్లీషులో ఉత్తర కాలిఫోర్నియా విందు అని ప్రకటించి, ప్రతి పదార్థానికీ ఊరి పేరో ఏటి పేరో చేర్చాడు. టొమేలస్ అఖాతపు ఆల్చిప్పలు, మాంటరే రొయ్యలు, సొనోమా జున్ను. స్థలనామాల వెనుకనే తోటల పేర్లు వచ్చాయి. 1980లలో వాటర్స్ తండ్రి ఎన్నో పొలాలు తిరిగి చూసి బాబ్ కెనార్డ్ అనే సొనోమా రైతును ఎన్నుకొన్నాడు. కూరలు తెచ్చిన బండిలోనే వంటింటి తుక్కు ఎరువు కోసం వెనక్కి వెళ్ళే ఏర్పాటు జరిగింది. నాకీ చరిత్ర అంతటిలో మిక్కిలి నచ్చినది ఆ తిరుగుబండియే.

ఇంత ప్రయాస ఎందుకు పడవలసి వచ్చింది? కాలిఫోర్నియా పంటలు మంచుపెట్టెల రైళ్ళలో ఖండం దాటుతూ, డబ్బాలలో నిండుతూ, ఊరూపేరూ లేని సరుకుగా మారి అప్పటికి చాలా కాలమైంది. నిర్ణీత పరిమాణంలో ఏరి నిర్ణీత పెట్టెలలో సర్దనిదే రైతు తన పండును అమ్ముకోకూడదన్న నిబంధనలుండేవి. నేరుగా అమ్ముకొనే రైతులకు ఆ నిబంధనలను 1970ల చివర సడలించిన తరువాతనే అక్కడి రైతు సంతలు పెరిగాయి. మన రైతుబజార్లు 1999లో వచ్చాయి. వాటి లక్ష్యం దళారీ బెడద తప్పించడం. రుచి ప్రసక్తి లేదు.

అమ్మాయి వద్దకు వెళ్ళిన ఒక శీతకాలంలో, 1980లో ఆ మేడమీద తెరిచిన కఫేలో మేమూ భోజనం చేశాము. తీపి వంటకాల వరుసలో ఒక రాగి గిన్నెడు కిషు నారింజలూ బర్హీ ఖర్జూరాలూ ఉన్నాయి; పక్కనే తోటల పేర్లు. కోయలేదు, వండలేదు, పంచదార చల్లలేదు. "ఇది వండనిదే కదే అమ్మాయీ, దీనికింత ధరా?" అన్నది నా శ్రీమతి. ఒక తొన నోట వేసుకొన్న పిదప ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. స్థానికమనే గొప్పతో వడ్డించిన ఆ పండ్లలో కిషుది జపాను, బర్హీది ఇరాకులోని బస్రా. మిరపకాయ మనదైనట్లే అవీ అక్కడివైనాయి.

పట్టికలోని పేర్లన్నీ తోటల యజమానులవి. కోసిన చేతులకు కూడా ఒకప్పుడు ఒక గుర్తుండేది. 1965 సెప్టెంబరులో, అంటే వాటర్స్ ఫ్రాన్సు వెళ్ళిన ఏడాదిలోనే, డెలానో ద్రాక్షతోటలలో ఫిలిప్పీను కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వాన పని మానివేశారు. కొద్దిరోజులకే సీజర్ చావెజ్ వెంట మెక్సికన్ కూలీలు వారితో కలిశారు. ఆ ద్రాక్ష కొనవద్దన్న పిలుపు దేశమంతటా వ్యాపించింది. అయిదేండ్లకు, 1970లో, యజమానులు ఒప్పందాలపై సంతకాలు చేశారు. సంఘం వారు కోసిన ద్రాక్షపెట్టెల మీద నల్లగద్ద ముద్ర పడింది. అది చూసి కొన్న గృహిణికి తోట పేరు తెలియకపోవచ్చును. కోసినవారికి ఒప్పుకొన్న కూలి ముట్టిందని తెలిసేది.

భోజనశాల తెరిచిన నాటికి ఆ ముద్ర అంగళ్ళలో ఉన్నది. 1973లో ఒప్పందాల గడువు తీరగానే యజమానులలో అధికులు వేరొక సంఘంతో చేతులు కలిపారు. పెట్టెల మీద గద్ద అరుదైపోయింది. టవర్ తన పట్టికలో ఊళ్ళ పేర్లు వ్రాసినది ఆ తరువాత మూడేండ్లకు.