వంద రోజులు ఏ దేశమూ లేని పాప: విదేశీ సరోగసీ చట్టాల వెనక కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక బర్త్ సర్టిఫికెట్ దగ్గర మొదలవుతుంది.

2008 జూలై 25. గుజరాత్‌లోని ఆనంద్. అవును, అమూల్ పాల ఊరే. అక్కడ ఒక ఆడపిల్ల పుట్టింది. జపాన్‌లో ఆ పాప కోసం నాన్న ఉన్నాడు, నానమ్మ ఉంది, ఇల్లు ఉంది. అయినా పాప విమానం ఎక్కడానికి వంద రోజులు పట్టింది. కారణం ఒక్క కాలమ్. ‘తల్లి పేరు’ అనే కాలమ్. అందులో ఏం రాయాలో ఎవరికీ తెలియలేదు.

అసలు సంగతి చూద్దాం. ఒక జపాన్ జంట పిల్లల కోసం ఆనంద్‌కి వచ్చింది. సరోగసీ ద్వారా, అంటే మన పేపర్లలో అద్దె గర్భం అని రాస్తారు కదా, ఆ పద్ధతిలో బిడ్డను కందామనుకున్నారు. వీర్యం భర్తది. అండం పేరు బయటపెట్టని ఒక భారతీయ దాతది. మోసి కన్నది ఇంకో భారతీయ మహిళ. అంతా సవ్యంగానే జరుగుతోంది. కానీ పాప పుట్టడానికి కొద్ది వారాల ముందు ఆ జంట విడిపోయింది. భార్య ఈ బిడ్డ నాకు వద్దంది. తండ్రి మాత్రం నా బిడ్డ నాకు కావాలన్నాడు.

ఇప్పుడు లెక్క పెట్టండి. అండం ఇచ్చిన అమ్మ ఒకరు. కన్న అమ్మ ఒకరు. పెంచుతానని సంతకం పెట్టిన అమ్మ ఒకరు. ముగ్గురు అమ్మలు ఉండి కూడా, కాగితం మీద ఒక్క అమ్మ లేదు.

మన పురాణాల్లో బలరాముడి కథ తెలుసు కదా. దేవకి గర్భంలోని బిడ్డ రోహిణి గర్భంలోకి మారతాడు. అక్కడ ఇద్దరినీ అమ్మే అన్నారు, ఎవరికీ ఇబ్బంది రాలేదు. కానీ అప్పుడు పాస్‌పోర్ట్ ఆఫీస్ లేదు.

చట్టానికి ఇది ఎందుకంత కష్టమైంది? రోమన్ల కాలం నుంచి న్యాయశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. తండ్రి ఎవరో సందేహం రావచ్చు గానీ, తల్లి ఎవరో ఎప్పుడూ తెలిసిందే. కన్నదే తల్లి. వందల ఏళ్లు ఈ సూత్రానికి తిరుగులేదు. 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో లూయిస్ బ్రౌన్ పుట్టింది, ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ. శరీరం బయట పిండం తయారవడం సాధ్యమైందంటే, ఒకరి అండాన్ని ఇంకొకరు మోయడమూ సాధ్యమే. అంటే తల్లి అనే మాట రెండుగా చీలింది. సరిగ్గా ముప్పై ఏళ్లకి, అదే జూలై 25న, మన ఆనంద్ పాప పుట్టింది.

ఈ చీలికకి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది. అమెరికాలోని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1993లో, పిల్లల్ని కని పెంచాలని మొదట ఎవరు అనుకున్నారో ఆమే తల్లి అంది. జపాన్ సుప్రీంకోర్టు 2007లో దానికి పూర్తి వ్యతిరేకంగా చెప్పింది. ఆ కేసులో జపాన్‌లో పేరున్న ఒక టీవీ నటి క్యాన్సర్ వల్ల గర్భసంచి పోగొట్టుకుంది. అమెరికాలోని నెవాడాలో సరోగసీ ద్వారా కవల పిల్లలు పుట్టారు. అండం ఆమెదే. నెవాడా కోర్టు ఆమే తల్లి అని ఆర్డర్ ఇచ్చింది. అయినా జపాన్ కోర్టు ఒప్పుకోలేదు. మా చట్టంలో కన్నదే తల్లి అంది.

అందుకే మన పాప విషయంలో జపాన్ ఎంబసీ ఏమంది? కన్నది భారతీయురాలు కాబట్టి ముందు ఇండియా పేపర్లు తెచ్చుకోండి అంది. మన దగ్గరేమో తల్లి పేరు లేకుండా పాస్‌పోర్ట్ కదల్లేదు. పోనీ తండ్రి దత్తత తీసుకుంటాడా అంటే, ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వకూడదు అన్న నిబంధన అడ్డొచ్చింది. ఈలోగా ఆయన వీసా అయిపోయి జపాన్ వెళ్లిపోవాల్సి వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన నానమ్మ వచ్చి పాప పక్కన కూర్చుంది. అహ్మదాబాద్ బాంబు పేలుళ్ల తర్వాత గుజరాత్‌లో పరిస్థితి బాగోలేక, పాపను జైపూర్ ఆస్పత్రికి మార్చారు. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ, ఇది పిల్లల వ్యాపారం అంటూ రాజస్థాన్ హైకోర్టుకి వెళ్లింది. నానమ్మ సుప్రీంకోర్టుకి వెళ్లింది.

2008 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. లా స్టూడెంట్స్ దీన్ని బేబీ మంజీ కేసుగా చదువుతారు. అభ్యంతరాలుంటే బాలల హక్కుల కమిషన్‌కి చెప్పుకోండి, ప్రయాణ పత్రాల సంగతి ప్రభుత్వం తేల్చాలి అంది కోర్టు. తల్లి ఎవరు అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. చివరికి జైపూర్ పాస్‌పోర్ట్ ఆఫీసు ఒక గుర్తింపు పత్రం ఇచ్చింది. అందులో తల్లి పేరు లేదు, జాతీయత కూడా లేదు. జపాన్ మానవతా దృష్టితో వీసా ఇచ్చింది. నవంబర్ 2న నానమ్మ, మనవరాలు విమానం ఎక్కారు.

ఇదేదో ఒక్క జంట విడాకుల వల్ల వచ్చిన గొడవ అనుకుంటున్నారా? కాదండీ. అదే ఏడాది జనవరిలో అదే ఆనంద్‌లో ఒక జర్మన్ జంటకి సరోగసీతో కవలలు పుట్టారు. భార్యాభర్తలు కలిసే ఉన్నారు, ఇద్దరికీ పిల్లలు కావాలి. అయినా ఇరుక్కుపోయారు. జర్మనీ సరోగసీని గుర్తించదు, కాబట్టి జర్మన్ పాస్‌పోర్ట్ రాదు. మన దగ్గర పౌరసత్వ చట్టం ఏమంటుందంటే, ఇక్కడ పుడితే చాలదు, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు భారత పౌరులై ఉండాలి, రెండోవాళ్లు అక్రమ వలసదారు కాకూడదు.

2009 నవంబర్‌లో గుజరాత్ హైకోర్టు, కన్న తల్లి భారతీయురాలు, కాబట్టి పిల్లలు భారత పౌరులే, పాస్‌పోర్ట్ ఇవ్వండి అంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆమె ఆ పిల్లల్ని పెంచాలనుకోలేదు, పెంచుతానని ఎవరూ అనుకోలేదు. ఆమెను తల్లి అంటేనే పిల్లలకి దేశం దొరుకుతుంది కాబట్టి ఆమె తల్లి అయింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోకుండా సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆఖరికి సొంత బిడ్డల్నే ఆ తండ్రి దత్తత దారిలో తీసుకెళ్లాల్సి వచ్చింది. 2010లో కవలలు జర్మనీకి బయల్దేరేసరికి వాళ్లకి రెండేళ్లు దాటాయి.

బ్రిటన్ సంగతి ఇంకా విచిత్రం. ఒక బ్రిటిష్ జంటకి ఉక్రెయిన్‌లో సరోగసీ కవలలు పుట్టారు. ఉక్రెయిన్ చట్టం ప్రకారం తల్లిదండ్రులు బ్రిటిష్ జంటే. బ్రిటిష్ చట్టం ప్రకారం తల్లి ఉక్రెయిన్ మహిళ, తండ్రి ఆమె భర్త! రెండు దేశాలూ పిల్లల్ని అవతలి వాళ్లకే అప్పగించాయి. 2008 డిసెంబర్‌లో లండన్ హైకోర్టు ఆ జంటకి ‘పేరెంటల్ ఆర్డర్’ ఇచ్చి గట్టెక్కించింది. ఈ ఆర్డర్‌కి కన్న మహిళ ఒప్పుకోవాలి. బిడ్డ పుట్టిన ఆరు వారాల లోపు ఆమె ఇచ్చే అంగీకారం చెల్లదు. ఎందుకంటే కన్న వెంటనే ఎవరూ ఆమె చేత సంతకం పెట్టించుకోకూడదు. నాకు ఈ నిబంధన చాలా నచ్చింది. ఈ మొత్తం కథలో ఆమె మనసు మారొచ్చని ఒప్పుకున్న రూల్ ఇది.

తర్వాత ఏమైంది? మన దేశం గేట్లు ఒక్కొక్కటిగా మూసింది. 2012లో కేంద్ర హోం శాఖ, సరోగసీ కోసం వచ్చే విదేశీయులకి మెడికల్ వీసా తప్పనిసరి చేసింది. వాళ్ల దేశం సరోగసీని గుర్తిస్తుందని, పుట్టిన బిడ్డను రానిస్తుందని ముందే లెటర్ తేవాలంది. వంద రోజుల పాప నేర్పిన పాఠం అది. 2015 నవంబర్‌లో విదేశీయులకి పూర్తిగా ఆపేశారు.

కానీ ఒక దేశం మూసేస్తే వ్యాపారం ఆగలేదు, పక్క దేశానికి వెళ్లింది. థాయ్‌లాండ్, నేపాల్ 2015లో మూశాయి. కంబోడియా 2016లో మూసింది. 2020 లాక్‌డౌన్‌లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఒక హోటల్ హాల్ వీడియో వైరల్ అయింది, గుర్తుందా? వరసగా ఉయ్యాలలు, 46 మంది పసిపిల్లలు. సరిహద్దులు మూసేయడంతో వాళ్ల అమ్మానాన్నలు రాలేకపోయారు. ఇటలీ అయితే 2024లో ఇంకో అడుగు వేసింది. తన పౌరులు వేరే దేశానికి వెళ్లి సరోగసీ చేయించుకున్నా నేరమే అంది.

మరి ఇప్పుడు మన దగ్గర? సరోగసీ నియంత్రణ చట్టం 2021లో వచ్చి, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. డబ్బుకి సరోగసీ నేరం. కనే మహిళకి పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి. వయసు 25 నుంచి 35 మధ్య. జీవితంలో ఒక్కసారే. ఆమెకి 36 నెలల ఇన్సూరెన్స్ ఉండాలి. విదేశీయులకి అవకాశం లేదు. భారతీయ మూలాలున్న జంట, ఉదాహరణకి అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు, బోర్డు సిఫార్సు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. బిడ్డ ఎవరిది అన్న కోర్టు ఆర్డర్ ముందే తీసుకోవాలి. ఆ జంట, సరోగేట్ కలిసి మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు చేస్తారు. బిడ్డ పుట్టాక ఆ ఆర్డరే పుట్టుకకి ఆధారం. చూశారా, 2008లో ఖాళీగా ఉండిపోయిన కాలమ్‌ని ఇప్పుడు చికిత్స కంటే ముందే నింపుతున్నారు.

కానీ ఇది మన సరిహద్దు లోపలి జవాబు మాత్రమే. తల్లి ఎవరు అన్న ప్రశ్నకి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒప్పందం ఇప్పటికీ లేదు. కాబట్టి మీకు తెలిసిన అక్కకో అన్నకో ఎవరైనా ఏజెంట్ ఫోన్ చేసి, ఫలానా దేశంలో ప్యాకేజీ ఉంది, బిడ్డతో తిరిగి రావడమే అంటే, మూడు ప్రశ్నలు అడగమనండి. అక్కడి చట్టంలో తల్లి ఎవరు? ఇక్కడి చట్టంలో తల్లి ఎవరు? బిడ్డ ఏ పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేస్తుంది? మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే, ఆ ఖాళీలో ఇరుక్కునేది ఏజెంట్ కాదు, బిడ్డ.

జైపూర్ ఆస్పత్రిలో ఆ పాప తప్పేమీ చేయలేదు. పెద్దవాళ్లు ముందు బిడ్డను కన్నారు, రూల్ గురించి తర్వాత ఆలోచించారు. అంతే.

మీరైతే ఆ కాలమ్‌లో ఎవరి పేరు రాసేవాళ్లు? కామెంట్స్‌లో చెప్పండి.