శీలమను మాట

పెండ్లి సంబంధములు మాటలాడుకొనునప్పుడు పిల్లవానిని "బుద్ధిమంతుడు, యోగ్యుడు" అందుము. పిల్లను "శీలవతి" అందుము. నాటకములలో, చలనచిత్రములలో "శీలము" అను మాట వినబడినంతనే అది ఒక స్త్రీకి సంబంధించినదనియు, ఆమెకేదో ఆపద వాటిల్లినదనియు శ్రోతలు గ్రహింతురు. ఈ మాటకు ఈ అర్థము ఎట్లు పట్టినదో ఇచ్చట కొంత విచారింపదలచితిమి.

సంస్కృతమున "శీల్" అను ధాతువునకు అలవాటు చేయుట, మరల మరల చేయుట అని అర్థము. పరిశీలన, అనుశీలన అను మాటలు దానినుండి పుట్టినవే. కనుక శీలమనగా మొదట స్వభావము, అలవాటైన నడవడి అని మాత్రమే. ఇచ్చుట అలవాటైనవాడు దానశీలుడు. ఓర్పు అలవాటైనవాడు సహనశీలుడు. నిత్యము తగవులాడువాడు కలహశీలుడు. ఇందు మంచిచెడ్డల నియమము లేదు. ఆడ మగ భేదము అసలే లేదు. మనుస్మృతి రెండవ అధ్యాయము ధర్మమునకు మూలములను చెప్పుచు, వేదమును, స్మృతిని చెప్పి, వెంటనే వేదవిదుల శీలమును పేర్కొన్నది. అనగా మంచివారి నడవడియు ఒక ప్రమాణమన్నమాట.

ఈ మాటకు సదాచారమను అర్థమును స్థిరపరచినవారిలో బౌద్ధులు ముఖ్యులు. ప్రాణిహింస, తనకు ఈయనిదానిని తీసికొనుట, కామమున తప్పుదారి త్రొక్కుట, అసత్యము, మత్తుపానీయములు - ఈ అయిదింటిని మానుదుమని గృహస్థులు స్వీకరించు నియమములే పంచశీలములు. మన అమరావతి, నాగార్జునకొండ ఒకనాడు ఆ ధర్మమునకు పెద్ద నెలవులు. 1954 ఏప్రిల్ 29న భారత చైనాల ఒడంబడికలోని అయిదు సూత్రములకు పంచశీలమను పేరే వచ్చినది. ఆ ఒడంబడిక గతి యేమైనదో అందరెరిగినదే. మనము గమనింపవలసినది వేరొకటి. అయిదింటిలో కామమునకు సంబంధించినది ఒక్కటే. అదియు స్త్రీపురుషులిరువురకు. నేటి వాడుకలో ఆ ఒక్కటి తక్కిన నాలుగింటిని మ్రింగివేసినది. కల్తీనూనె అమ్మువానిని గాని, కూటసాక్ష్యము చెప్పువానిని గాని "శీలము లేనివాడు" అని యెవరైన తిట్టగా మేము వినలేదు.

శీలమును గూర్చిన కథలలో మేలైనది మహాభారతము శాంతిపర్వమున కలదు. ధర్మరాజు వైభవమును చూచి కుమిలిపోవుచున్న దుర్యోధనునకు ధృతరాష్ట్రుడు చెప్పిన కథ అది. ప్రహ్లాదుడు తన శీలముచేత ముల్లోకములను వశపరచుకొనెను. రాజ్యము పోగొట్టుకొన్న ఇంద్రుడు బ్రాహ్మణవేషమున వచ్చి, అతనికి శిష్యుడై సేవచేసెను. గురువు మెచ్చి వరము కోరుకొమ్మనగా, నీ శీలము నిమ్మని శిష్యుడు కోరెను. ఆడినమాట తప్పలేక ప్రహ్లాదుడు ఇచ్చెను. అంతట అతని దేహమునుండి ఒక తేజోరూపము వెలువడి, తాను శీలమనియు, ఆ బ్రాహ్మణుని చేరబోవుచున్నాననియు పలికెను. దాని వెంట ధర్మము, ధర్మము వెంట సత్యము, ఆపై సద్వర్తనము, బలము, తుదకు లక్ష్మియు వెడలిపోయినవి. తామందరకు శీలమే మూలమని లక్ష్మి చెప్పిపోయినది. మనసుచేత గాని, మాటచేత గాని, చేతచేత గాని ఏ ప్రాణికిని ద్రోహము చేయకుండుట, దయ, దానము - ఆ ఘట్టమున శీలమునకు చెప్పిన లక్షణమిది.

ఇందు శీలమును కోల్పోయినవాడు పురుషుడు, అందును రాక్షసరాజు. అంతకంటె ముఖ్యమైనది, వజ్రాయుధము గల ఇంద్రుడు సైతము దానిని బలాత్కారముగా లాగుకొనలేకపోయెను. సేవచేసి, అడిగి పుచ్చుకొనవలసివచ్చెను. ఉన్నవాడు తానై విడిచిననే తప్ప ఇతరులు హరింపలేనిది శీలమని ఆ కథ. మనమో "ఆమె శీలమును దోచుకొన్నాడు" అనుచున్నాము. నేరము చేసినవాడొకడు, మంచితనము పోయినది వేరొకరికి! దొంగ ఇల్లు దోచినచో ఇంటివాని నిజాయితీ పోయినదందుమా?

స్త్రీకి పూర్వము చెప్పిన మాట పాతివ్రత్యము. అది పతితో ముడిపడినది, కన్యకు చెల్లదు. ఆ ఖాళీలో శీలము వచ్చి కూర్చున్నదని మా ఊహ. ఇంగ్లీషు "వర్చ్యూ" మరియు వింత: లాటినులో పురుషుడని అర్థమిచ్చు మాటనుండి పుట్టి, శౌర్యమై, సద్గుణమై, స్త్రీల విషయమున ఇట్లే కుంచించుకొనిపోయినది. మన బడులలో బాలురకు శీలనిర్మాణమును గూర్చియు, బాలికలకు శీలరక్షణమును గూర్చియు ఉపన్యసించిన పెద్దలు తామొకే మాట పలుకుచున్నామనియే తలచిరి.

మాటతో పోయినదేమని కొందరనవచ్చును. 1872 నాటి సాక్ష్యచట్టము 155వ సెక్షను నాలుగవ ఉపనిబంధన ప్రకారము, బలాత్కారపు కేసులలో ఫిర్యాదు చేసిన స్త్రీ సామాన్యముగా నడత లేనిదని చూపి ఆమె సాక్ష్యమును త్రోసిపుచ్చ యత్నించుటకు వీలుండెను. నిందితుని దుర్నడత మాత్రము, ఆ చట్టపు 54వ సెక్షను ప్రకారము, సాధారణముగా విచారణకు వచ్చెడిది కాదు. ఆ ఉపనిబంధన తొలగుటకు 2002 నాటి సవరణచట్టము రావలసివచ్చెను. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, తీర్పులలోను వాదములలోను మానవలసిన మాటలను చూపుచు ఒక చేతిపుస్తకము వెలువరించినది. ఒకవైపున విడువవలసిన మాట, దానికెదురుగా వాడవలసిన మాట. శీలవతియైన స్త్రీ యను అర్థముగల ఇంగ్లీషు పదబంధమునకెదురుగా అందు ఉన్నది ఒక్క మాటయే: స్త్రీ.