మైనరు భూమి, రొయ్యల కౌలు, అడగని లెక్క
నెల్లూరు తీరం నేపథ్యంలో సంరక్షక చట్టాల పరిశీలన

తండ్రి పోయాక పిల్లవాడి పేరున మిగిలిన పొలాన్ని తల్లో, బాబాయో, మేనమామో చూసుకోవడం మన పల్లెల్లో కొత్త కాదు. వరి పండిన రోజుల్లో పంట గాదెకు చేరేది, అందులోంచే ఇల్లు గడిచేది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వంటి తీర మండలాలకు రొయ్యల సాగు వచ్చాక అదే పొలం నగదు కౌలు తెచ్చిపెట్టడం మొదలైంది. ధాన్యం అందరి కంటికీ కనబడుతుంది, నగదు చేతులు మారిపోతుంది. మన సంరక్షక చట్టాలు భూమి అమ్మకానికి గట్టి కాపలా పెట్టాయి. ఆ భూమి మీద ఏటా వచ్చే డబ్బుకు అంత కాపలా లేదు. మైనరు ఆస్తి తగాదాల్లో చాలావాటికి మూలం ఈ వెలితిలోనే ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

అమ్మకానికి వేసిన గట్టు

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, తల్లిదండ్రుల వంటి సహజ సంరక్షకులు కోర్టు ముందస్తు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దానమివ్వకూడదు. అవసరం ఉందనో, మైనరుకు స్పష్టమైన మేలు జరుగుతుందనో తేలితేనే కోర్టు అనుమతిస్తుంది. అనుమతి లేని లావాదేవీని మైనరు రద్దు చేయించుకోవచ్చు.

అంతకుముందు పరిస్థితి వేరు. తండ్రి అప్పులు తీర్చడానికి తల్లి సంరక్షకురాలిగా కుదుర్చుకున్న అమ్మకపు ఒప్పందం కొడుకును కట్టిపడేస్తుందని 1948లో శ్రీకాకుళం సుబ్రహ్మణ్యం, కుర్రా సుబ్బారావుల కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. తర్వాత ఎనిమిదేళ్లకే వచ్చిన చట్టం, సంరక్షకుల నిర్ణయానికి ముందే కోర్టు పరిశీలనను తప్పనిసరి చేసింది.

కౌలు విషయంలో ఈ గట్టుకు గండి ఉంది. ఐదేళ్లకు మించకుండా, మైనారిటీ తీరాక ఏడాదికి మించి సాగకుండా ఉండే కౌలుకు అనుమతి అక్కర్లేదు. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పన్నెండేళ్ల పిల్లవాడి ఐదెకరాలను తల్లి ఐదేళ్లకు రొయ్యల గుంటలకిస్తే, అతనికి పదిహేడేళ్లు వచ్చేసరికి గడువు ముగుస్తుంది. అనుమతి అవసరం లేదు. పదహారేళ్లప్పుడు అదే ఐదేళ్లకిస్తే గడువు ఇరవై ఒకటో ఏట తీరుతుంది, అంటే పంతొమ్మిది దాటిపోయింది. కాబట్టి అనుమతి తప్పనిసరి. కాగితం మీద మాట ఒకటే, పిల్లవాడి పుట్టినతేదీని బట్టి చట్టం మారుతోంది.

ఐదేళ్లలో మారే నేల

వరి కౌలు ముగిస్తే చేను చేనుగానే తిరిగొస్తుంది. రొయ్యల కౌలు ముగిస్తే తిరిగొచ్చేది తవ్వి, కట్టలు పోసి, ఉప్పునీరు నిలిపిన నేల. రొయ్యల సాగు మీద ఎస్. జగన్నాథ్ కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో నెల్లూరు జిల్లా కుర్రు గ్రామం ప్రస్తావన ఉంది. నీరు ఉప్పబారి అక్కడి 600 మంది మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయిందని అందులో నమోదైంది. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని కూడా ఆ తీర్పు చెప్పింది. మైనరు భూమికి ఈ సంగతి మరింత వర్తిస్తుంది. సంరక్షకులు చేసే పని మైనరు మేలుకు అవసరమైనదిగా లేదా సబబైనదిగా ఉండాలని 8వ సెక్షనే అంటోంది. నేల సారం పోగొట్టే కౌలు ఐదేళ్లదే అయినా, ఆ పరీక్షకు నిలబడాల్సిందే.

డబ్బు మీద కాపలా ఎక్కడుంది?

కోర్టు నియమించిన సంరక్షకుల విషయంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 34వ సెక్షన్ కింద కోర్టు బాండు తీసుకోవచ్చు, ఆరు నెలల్లో ఆస్తుల జాబితా అడగవచ్చు, లెక్కలు దాఖలు చేయమనవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు ప్రకారం మైనరు తరఫున దావా నడిపేవారు కోర్టు అనుమతి లేకుండా సొమ్ము తీసుకోకూడదు. ప్రమాద పరిహారంలో మైనరు వాటాను మైనారిటీ తీరేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచాలని సూసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. భూసేకరణలో, అమ్మే అధికారం లేనివారి భూమికి వచ్చే పరిహారాన్ని మదుపు చేసే ఏర్పాటు 2013 చట్టంలో ఉంది.

సొమ్ము కోర్టు ద్వారానో, ప్రభుత్వం ద్వారానో వస్తే ఇన్ని కళ్లు దాన్ని చూస్తాయి. అదే సొమ్ము కౌలుదారు చేతినుంచి నేరుగా బంధువుల చేతికి వస్తే, ఏటేటా లెక్క చూపమని సహజ సంరక్షకులను అడిగే యంత్రాంగం ఏదీ లేదు.

ఆలస్యంగా తలెత్తే తగాదా

పద్దెనిమిది నిండిన పిల్లవాడు తన భూమి అమ్ముడైందని తెలుసుకుంటే, రద్దుకు దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టం 60వ ఆర్టికల్ మూడేళ్లు ఇస్తుంది. దావాయే వేయనక్కర్లేదు, స్పష్టమైన ప్రవర్తన ద్వారానూ ఆ అమ్మకాన్ని తోసిపుచ్చవచ్చని 2025 అక్టోబరులో కె.ఎస్. శివప్ప కేసులో సుప్రీంకోర్టు అంది. అయితే భూమి అవిభక్త కుటుంబానిదైతే కథ మారుతుంది. కుటుంబ పెద్దగా కర్త చేసిన విక్రయానికి 8వ సెక్షన్ అనుమతి వర్తించదని 1996లో శ్రీనారాయణ్ బాల్ కేసు చెప్పింది. అందుకే ప్రతి తగాదాలో మొదటి ప్రశ్న, ఆ భూమి పిల్లవాడి సొంతమా, ఉమ్మడిదా అన్నదే.

ఇవన్నీ భూమిని తిరిగి తెచ్చుకునే దారులు. ఖర్చయిపోయిన ఐదేళ్ల కౌలును రాబట్టడం ఇంతకన్నా కష్టం. రసీదు లేని సొమ్ముకు సాక్ష్యం ఏదీ మిగలదు. ఆ సొమ్ముతోనే పిల్లవాడి చదువు నడిపిన తల్లికీ ఇది నష్టమే. నిజాయితీగా ఖర్చుపెట్టిన ఆమె కూడా కొడుకు ముందు, బంధువుల ముందు చూపించడానికి ఏమీ లేక నిందపడుతుంది.

ముగింపు: దగ్గరున్న నమూనా

పరిష్కారానికి కొత్త సూత్రం వెతకనక్కర్లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాలున్నవారి కోసం వచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం 16వ సెక్షన్‌లోనే నమూనా ఉంది. ఆ చట్టం కింద నియమితులైన సంరక్షకులు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో జమాఖర్చులు సమర్పించాలి. ఎవరో అనుమానించి అడిగేదాకా ఆగే పని లేదు.

మైనరు భూమి కౌళ్లకూ దీన్ని చిన్న రూపంలో తేవచ్చు. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరని 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఎలాగూ చెబుతోంది. ఆ దస్తావేజులో మైనరు పుట్టినతేదీ, అతని పేరున బ్యాంకు ఖాతా, గడువు తీరాక నేలను ఏ స్థితిలో అప్పగించాలన్న షరతు ఉండాలి. కౌలు ఆ ఖాతాలోనే పడాలి, ఖర్చు అక్కణ్ణించే జరగాలి. అప్పుడు పద్దెనిమిదేళ్లు నిండిన రోజున పిల్లవాడి చేతికి భూమితోపాటు ఒక పాస్‌పుస్తకం కూడా అందుతుంది. తన చదువుకు ఎంతయిందో, అమ్మ ఎంత మిగిల్చిందో అందులో అతనే చదువుకుంటాడు.