సరి ఓట్లు - చీటీ తీర్పు

1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ కేవలం తొమ్మిది ఓట్ల ఆధిక్యంతో నెగ్గారు. ఆ తొమ్మిదీ లేకుండా ఇరువురికీ సరిగ్గా సమానంగా వస్తే గెలుపెవరిది?

ఇంగ్లండులో ఒకప్పుడు ఈ చిక్కును మనిషే విడదీసేవాడు. 1886లో ఆష్టన్-అండర్-లైన్ స్థానంలో ఇద్దరికీ 3,049 చొప్పున ఓట్లు రాగా, ఎన్నికల అధికారి తన నిర్ణాయక ఓటుతో కన్సర్వేటివు అభ్యర్థి ఆడిసన్‌ను గెలిపించాడు. ఆ అధికారి ఎంత ధర్మాత్ముడైనా, ఓడినవారు ఊరుకుంటారా? మన రాజ్యాంగం 100వ అధికరణం ద్వారా సభాధ్యక్షునికి ఇటువంటి ఓటు ఇచ్చింది గాని, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఎన్నికల అధికారికి ఇవ్వలేదు. 65వ సెక్షను ప్రకారం ఆయన వెంటనే చీటీ వేయాలి. చీటీ ఎవరిని వరిస్తే వారికి ఇంకొక ఓటు వచ్చినట్లు భావించాలి. ఏ ఓటరూ వేయని ఓటన్నమాట! చీటీ ఏ తీరున తీయాలో మాత్రం ఆ సెక్షను చెప్పదు.

ఈ విషయంలో పదవ శతాబ్ది వారే మనకంటె జాగ్రత్తపరులనిపిస్తుంది. పరాంతక చోళుని కాలపు ఉత్తరమేరూరు శాసనంలో గ్రామసభకు సభ్యులను ఎన్నుకొనే విధానం వివరంగా ఉన్నది. అక్కడ ఓట్లు సమానమైనప్పుడు కాదు, ఎన్నిక యావత్తూ చీటీయే. అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి కుండలో వేసేవారు. ఏమీ ఎరుగని బాలుని చేత ఒక ఆకు తీయించేవారు. దానిని అందుకొనే మధ్యస్థుడు అయిదు వేళ్ళూ చాచిన అరచేతితోనే అందుకోవాలి. వేళ్ళ సందున వేరొక ఆకు దాచకుండా కాబోలు!

2018 జనవరిలో అమెరికాలోని వర్జీనియాలోనూ ఒక పింగాణీ పాత్రలోంచే పేరు తీశారు. ఇద్దరికీ 11,608 చొప్పున ఓట్లు వచ్చాయి. డేవిడ్ యాన్సీ పేరు వచ్చి ఆయన నెగ్గడంతో రిపబ్లికనులకు దిగువ సభలో 51-49 ఆధిక్యం దక్కింది.

పేరు వస్తే గెలుపు. చీటీల పాట ఎరిగిన మనకు ఇందులో సందేహమే ఉండదు. హిమాచల్ ప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరి 27న జరిగిన రాజ్యసభ ఎన్నికలో మాత్రం కథ తిరగబడింది. నలభైమంది శాసనసభ్యులున్న కాంగ్రెసు నుండి ఆరుగురు, వారితో ముగ్గురు స్వతంత్రులు భాజపా అభ్యర్థి హర్ష్ మహాజన్‌కు వేయగా, కాంగ్రెసు అభ్యర్థి అభిషేక్ మను సింఘ్వీకి 34, ఆయనకూ 34 వచ్చాయి. చీటీ తీస్తే సింఘ్వీ పేరు వచ్చింది. ఆయన ఓడిపోయారు!

కారణం, రాజ్యసభకు ప్రాధాన్యతా ఓట్ల పద్ధతి వర్తిస్తుంది. అందులో చివరన ఉన్న అభ్యర్థిని తొలగిస్తూ పోతారు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో 75వది, చివరి స్థానంలో ఇద్దరు అన్నివిధాలా సమానంగా ఉంటే తొలగించవలసినది ఎవరినో చీటీ వేసి తేల్చమంటుంది. గెలిచేవారి కోసం కాక, వెళ్ళవలసినవారి కోసం చీటీ అన్నమాట. పేరు వచ్చినవాడు ఓడినట్లని చట్టంలో గాని నియమాలలో గాని లేదని, అది లోకరీతికే విరుద్ధమని సింఘ్వీ వాదన. ఆయన ఏప్రిల్‌లో హైకోర్టుకు వెళ్ళారు.

లెక్క ప్రకారం చూస్తే ఏ తీరున తీసినా ఇద్దరికీ సగం సగమే అవకాశం. అర్థమేమిటో ముందే చెప్పి చీటీ తీస్తే అన్యాయమేమీ లేదు. కాని పేరు విని సంతోషించబోయినవాడికి ఓటమి చేతిలో పెట్టే నియమం, ఓడినవాడు ఒప్పుకొనేంత స్పష్టంగా వ్రాసి ఉండాలి. 75వ నియమం అంత స్పష్టంగా ఉన్నదని నేననుకోను.

ఆ సంగతి అలా ఉంచి, చట్టంలోని 102వ సెక్షను చూడండి. ఎన్నికల వ్యాజ్యంలో ఓట్లు సమానమని తేలి, అంతకుముందు ఎన్నికల అధికారి నిర్ణయమేదీ లేకపోతే, సాక్షాత్తు హైకోర్టే చీటీ వేయాలి!

సింఘ్వీ 2024 ఆగస్టులో తెలంగాణ నుండి, కె. కేశవరావు రాజీనామాతో ఖాళీ అయిన స్థానానికి, పోటీ లేకుండా రాజ్యసభకు ఎన్నికయ్యారు.