బియ్యం బస్తా వెనక కథ

2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. వెంటనే అమెరికాలో మనవాళ్ళు సోనామసూరి బస్తాల కోసం బారులు తీరారు. చాలా కొట్లు ఇంటికి ఒక్క బస్తాయే అని షరతు పెట్టాయి. జెర్సీ సిటీలో న్యూఅర్క్ ఎవెన్యూ మీద వెచ్చాలు కొనుక్కునే మనకి అదో వింత అనుభవం. మహా అయితే నాలుగు డాలర్లు ఎక్కువ పోయుంటాయి, అంతే. ప్రపంచ బియ్యం వ్యాపారంలో ఇంచుమించు 40 శాతం భారతదేశానిదే కాబట్టి, అసలు దెబ్బ బెనిన్ లాంటి పడమటి ఆఫ్రికా దేశాల పేదలది. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు.

ముందు ఇంట్లోవాళ్ళకి పెట్టాకే పైవాళ్ళకి అన్నది ఢిల్లీ వాదన. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1876లో వానలు ముఖం చాటేసి, కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు మలమల మాడిపోయాయి. మన పెద్దలు ధాత కరువు అన్నది దీన్నే. దక్షిణ భారతంలో 50 లక్షలకు పైగా చనిపోయారని అంచనా. తిండి చేర్చే దారి లేక కాదు సుమా! మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా రైలు 1871 నాటికే నడుస్తోంది. కానీ రైలు ధాన్యాన్ని ఆకలి ఉన్నచోటికి కాదు, ధర ఉన్నచోటికి తీసుకెళ్తుంది. 1877-78లో భారతదేశం నుంచి 3 లక్షల టన్నులకు పైగా గోధుమలు ఐరోపాకి ఓడలెక్కాయి.

ఇందులో రిచర్డ్ టెంపుల్ కథ మరీ విచిత్రం. 1874లో బీహారు కరువులో ఈయనే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. మెచ్చుకోవలసింది పోయి, దుబారా చేశావని పైవాళ్ళు తిట్టిపోశారు. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ ఆయన్నే మద్రాసు రాష్ట్రానికి పంపాడు. ఈసారి గట్టిగా పాఠం నేర్చుకుని వచ్చాడు! కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగకూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర, అదీ ఆయన లెక్క. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ పోట్లాడితే, కొన్ని నెలలకి కూలి పెంచారు. అప్పటికే ఎందరో పోయారు.

కరువులో ముందు మాయమయ్యేది ధాన్యం కాదు, కూలిపని అని 1880 నాటి కరువు కమిషనే రాసింది. ఆ తరవాత నూరేళ్ళకి, 1983లో, ఎన్టీ రామారావు కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఖజానా ఏమైపోతుందని మళ్ళీ అదే గోల చేసినవాళ్ళు ఎందరో.