ఆదివారం మరమ్మతులు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ మీతో ఒక చిన్న పనిముట్ల పెట్టె గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, ఒక సుత్తి, నాలుగు మేకులు, రెండు రబ్బరు వాషర్లు. ఇంతే దాని ఆస్తి. చాలా ఇళ్ళల్లో ఇది అటక మీదో, మెట్ల కిందో ఉంటుంది. ఆదివారం నాడు మాత్రం కిందికి దిగుతుంది.

మా ఇంట్లో అది దిగిన రోజు చెబుతాను. వంటింటి కుళాయి రాత్రింబవళ్ళు టప్ టప్ మంటూ కారుతోంది. ప్లంబరు "ఇదిగో వస్తున్నానమ్మా" అని రెండు వారాలు గడిపాడు. మావారు "వచ్చే ఆదివారం చూద్దాంలే" అన్నారు. ఆ ఆదివారమూ వచ్చింది, వెళ్ళింది. ఇదంతా చూసి మా అత్తగారు, "మా రోజుల్లో గోడ కూలితే మేమే పెట్టుకున్నాం. ఇంత కుళాయికి ఇంత గొడవేమిటే?" అన్నారు. నాకు రోషం వచ్చింది. మెయిన్ వాల్వు కట్టేశాను. కుళాయి తల విప్పాను. అడుగున అరిగిపోయిన వాషరు తీసి కొత్తది పెట్టి బిగించాను. పావుగంట కూడా పట్టలేదు!

కుళాయి కారడం ఆగింది గానీ అత్తగారి మాట మాత్రం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంటి మరమ్మతు మొదట ఎవరి పని? అది మగవాళ్ళ ఆదివారపు సరదాగా ఎప్పుడు మారింది? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ పోతే పెద్ద చరిత్రే బయటపడింది.

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. సంక్రాంతి వస్తోందంటే మన పల్లెల్లో ఆడవాళ్ళకు నడుం వంచడానికి తీరిక ఉండేది కాదు. సున్నం తెచ్చి కుండలో వేసి నీళ్ళు పోస్తే అది కుతకుత ఉడికేది. సముద్రపు ఒడ్డున గుల్ల కాల్చిన సున్నం, మిగతాచోట్ల రాతిసున్నం. చల్లారాక వడగట్టి, గోడకు పట్టి ఉండడానికి కాస్త బంక, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు కలిపి, నార కుంచెతో గోడలకు పూసేవారు. తెలంగాణలో అయితే గడపలూ అరుగులూ ఎర్రటి జాజుతో అలికి, మీద తెల్లటి ముగ్గు వేసేవారు. మట్టినేల పగిలితే ఎర్రమట్టి మెత్తి, పేడతో అలికేవారు.

ఇందులో ఎంత శాస్త్రం ఉందో చూడండి. సున్నం నీళ్ళు గోడ మీద ఆరేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. అంటే కుంచె పట్టిన ఆ చేయి గోడ మీద పలచటి రాతిపొర కడుతోందన్నమాట! పైగా సున్నానికి ఉన్న క్షారగుణం వల్ల గోడ మీద బూజు, సూక్ష్మజీవులు నిలవవు. ఇంత పనీ చేసిన ఆవిడను మాత్రం ఎవరూ "పనివంతురాలు" అని పిలవలేదు. అది "ఇంటి చాకిరీ" అయిపోయింది, అంతే.

ఇక ఆదివారం సంగతి. ఆదివారం సెలవు మనకు ఊరికే రాలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులకు వారానికొక రోజు విశ్రాంతి కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన ఏళ్ళ తరబడి పోరాడారు. ఈయన జ్యోతిరావు ఫూలే గారి సహచరుడు. 1890 ఏప్రిల్‌లో బొంబాయిలో పెద్ద కార్మిక సభ పెడితే, ఆ సభలో ఇద్దరు మిల్లు కార్మిక స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆదివారం కోసం ఆడవాళ్ళూ గొంతెత్తారన్న సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఆ సెలవు వంటింటి గడప దాటి లోపలికి ఇంకా సరిగా రాలేదు కదా!

ఇప్పుడు కాస్త దూరం వెళదాం. ఇంగ్లీషులో "డూ ఇట్ యువర్‌సెల్ఫ్" అంటారు. "నీ పని నువ్వే చేసుకో" అని. 1912 నాటికే అమెరికాలో ఒక పత్రిక, రంగులవాణ్ణి పిలవకుండా మీ ఇంటికి మీరే రంగు వేసుకోండి అని ఈ మాట వాడింది. కానీ ఇది ఊరూవాడా పాకింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తరువాతనే.

దానికి కారణాలున్నాయి. బాల్టిమోర్‌లో బ్లాక్, డెక్కర్ అనే ఇద్దరు 1910లో ఒక కంపెనీ పెట్టారు. పిస్తోలులాగా చేత్తో పట్టుకుని మీట నొక్కితే తిరిగే కరెంటు డ్రిల్లుకు 1917లో పేటెంటు పొందారు. అది ఫ్యాక్టరీల కోసం చేసిన పనిముట్టు. యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పనివాళ్ళు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి సొంత పనులు చేసుకుంటున్నారని గమనించి, ఆ కంపెనీ 1946లో ఇళ్ళకోసమని ప్రత్యేకంగా చవక డ్రిల్లు తయారుచేసింది.

మరుసటి ఏడాది, 1947లో, న్యూయార్క్ దగ్గర లెవిట్టౌన్ అనే కొత్త ఊరు మొదలైంది. నాలుగేళ్ళలో 17 వేలకు పైగా ఇళ్ళు కట్టారు. ధర తగ్గించడానికి పైఅటకను అసంపూర్తిగా వదిలేశారు. కొనుక్కున్నవాళ్ళు పిల్లలు పెరిగేకొద్దీ సెలవు రోజుల్లో తామే గదులు చేసుకోవాలి. అలా ఊరు ఊరంతా శనాదివారాల్లో సుత్తిమోతలే! ఆ ఊళ్ళో నల్లవారికి ఇల్లు ఇవ్వకపోవడం మాత్రం ఆ కథలోని మచ్చ. 1954 ఆగస్టులో టైమ్ పత్రిక ఈ సరదానే ముఖచిత్ర కథనం చేసింది. వారమంతా ఆఫీసులో కాగితాలు తిరగేసిన మగవాడికి ఆదివారం చెక్క కోస్తే తానేదో సాధించినట్టు ఉండేది. తప్పేం లేదు. కానీ మనవాళ్ళు వేసిన సున్నం చాకిరీ, వారు వేసిన రంగు సరదా! పని ఒకటే, పేరే మారింది.

గోడకు పటం తగిలించడం వెనక కూడా కథ ఉంది. పూర్వం గోడలో మేకు నిలవాలంటే పెద్ద కన్నం చేసి, చెక్కముక్క దూర్చి, చుట్టూ పూత పూయాలి. 1911 ప్రాంతంలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించాలని అడిగారు. ఆ పని చేసే జాన్ రాలింగ్స్ అనే ఆయన జనపనారను జిగురుతో బిగించి చిన్న గొట్టంలా చేశాడు. సన్నటి కన్నంలో దాన్ని దూర్చి స్క్రూ తిప్పితే, అది ఉబ్బి గోడను గట్టిగా పట్టుకుంటుంది. మన ఎలక్ట్రీషియన్లు "రావల్ ప్లగ్" అంటారే, అది ఆయన పేరు మీద వచ్చిన మాటే! ఇప్పుడది ప్లాస్టిక్‌దైంది, పేరు మాత్రం నిలిచిపోయింది.

ఇక నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న ఆవిడ దగ్గరికి వస్తాను. ఆవిడ పేరు కారొలిన్ హాస్లెట్. ఇంగ్లండులో 1895లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బాయిలర్లు చేసే కంపెనీలో గుమాస్తాగా ఉండి, ఇంజనీరింగు నేర్చుకున్నారు. 1919లో స్త్రీల ఇంజనీరింగు సంఘం పెడితే ఆవిడే తొలి కార్యదర్శి. 1924లో స్త్రీల కోసం విద్యుత్ సంఘం ఒకటి ఏర్పడితే దాన్ని నడిపిందీ ఆవిడే.

ఆ సంఘం ఏం చేసిందంటారా? గృహిణులకు ఫ్యూజు వేయడం, ప్లగ్గుకు తీగలు బిగించడం నేర్పింది. 1934లో స్త్రీల కోసం విద్యుత్ చేతిపుస్తకం వేసింది. ప్లగ్గు బిగించే పద్ధతిని వంటింటి తువ్వాళ్ళ మీద కూడా అచ్చువేయించింది! గిన్నెలు తుడుస్తూనే పాఠం చదువుకోవచ్చన్నమాట.

యుద్ధం నడుస్తుండగానే, తరువాత కట్టబోయే ఇళ్ళకు ఎలాంటి ప్లగ్గులు ఉండాలో తేల్చడానికి 1942లో 20 మందితో ఒక కమిటీ వేశారు. అందులో స్త్రీ ఒక్కరే, హాస్లెట్ గారు. పసిపిల్లలు సాకెట్లలో వేళ్ళూ పుల్లలూ పెడతారన్నది ఇల్లు నడిపేవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? సాకెట్టు కన్నాలకు లోపల మూతలుండాలని ఆవిడ గట్టిగా అడిగారు. 1947లో వచ్చిన మూడు పిన్నుల ప్లగ్గులో ఆ ఏర్పాటు ఉంది. పొడుగ్గా ఉన్న ఎర్తు పిన్ను ముందు లోపలికి వెళ్ళి మూతలు తెరుస్తుంది. అది వెళితేగాని కరెంటు కన్నాలు తెరుచుకోవు. మన ప్లగ్గుల పిన్నులు గుండ్రంగా ఉంటాయి, అది వేరే రకం. కానీ మనకు దొరికే మంచి సాకెట్లలో కూడా ఇలాంటి మూతలే ఉంటాయి. ఈసారి కొనేటప్పుడు షట్టరు ఉందో లేదో అడిగి కొనండి.

సొంత మరమ్మతుల్లో అంతా మేలే జరిగిందనీ చెప్పను. ఇంగ్లండులో 1950ల చివర బారీ బక్నెల్ అనే ఆయన టెలివిజన్‌లో ఇంటి పనులు నేర్పి ఎంతో పేరు తెచ్చుకున్నారు. 1962లో బి.బి.సి. ఒక పాత ఇల్లు కొంటే, ఆయన దాన్ని వారం వారం బాగుచేసి చూపించారు. జనం ఎగబడి నేర్చుకున్నారు. కానీ అందరూ నగిషీ తలుపుల మీద అట్టలాంటి హార్డ్‌బోర్డు కొట్టేసి నున్నగా చేసుకున్నారు. మరో తరానికి ఆ నగిషీల విలువ తెలిసి, వాటిని బయటికి తీసుకోవలసి వచ్చింది. మన పాత మండువా ఇళ్ళ తలుపులు అమ్ముకున్నవాళ్ళకు ఈ బాధ చెప్పక్కరలేదు.

మరో ప్రమాదం దుమ్ము. పాత రంగుల్లో సీసం కలిపేవారు. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని తెలిసి అమెరికా 1978లో ఇళ్ళ రంగుల్లో దాన్ని నిషేధించింది. మన దేశంలో సీసాన్ని పది లక్షల పాళ్ళలో 90కి మించకుండా కట్టడి చేసే నియమాలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. కాబట్టి పాత ఇంటి తలుపుల రంగును పొడిగా గీకకండి. తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. గర్భిణులు అసలు ఆ పనికి పోవద్దు. పాత ఆస్బెస్టాస్ రేకుకు కన్నాలు వేయడం, కోయడం కూడా వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరితే ఏళ్ళు గడిచాక క్యాన్సరు రావచ్చు.

మన దేశానికి తిరిగి వద్దాం. ఒకప్పుడు వడ్రంగులు జంతువుల తోలు, ఎముకలతో చేసిన జిగురును వేడిచేసి వాడేవారు. 1959లో బల్వంత్ పరేఖ్ గారు ఫెవికాల్ తెచ్చారు. కాచే పని లేని తెల్ల జిగురు. మొదట వడ్రంగుల కోసమని వచ్చినా మెల్లగా పిల్లల బడిసంచుల దాకా వచ్చింది. ఇప్పుడైతే ఏ పని ఎలా చేయాలో ఫోనులోనే బొమ్మ కట్టి చూపిస్తున్నారు. తెలియదు అనే మాటకు ఇక చోటు లేదు.

అయితే ఒక లెక్క చెప్పి ముగిస్తాను. 2019లో కేంద్ర ప్రభుత్వం మనుషులు రోజులో సమయం ఎలా గడుపుతున్నారో దేశమంతా సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారని తేలింది. ఇలాంటి సర్వేలకు ఐక్యరాజ్యసమితి వేసిన పట్టికలో వంటా, ఇల్లు శుభ్రం చేయడంతోపాటు సొంతంగా చేసుకునే ఇంటి అలంకరణ, మరమ్మతు కూడా ఒక పద్దుగా ఉంది. అంటే మా అత్తగారు మెత్తిన గోడ, మీ అమ్మగారు వేసిన సున్నం ఇన్నాళ్ళకు ప్రపంచపు లెక్కలోకి వచ్చాయన్నమాట.

అందుకని అక్కచెల్లెళ్ళారా, కుళాయి వాషరు, తలుపు గొళ్ళెం, ఊడిన కుర్చీ కాలు, గోడ పగుళ్ళు, ఇవన్నీ మన చేతికి లొంగేవే. కరెంటు పని అయితే మెయిన్ స్విచ్ కట్టేయకుండా వేలు పెట్టకండి. స్విచ్చిబోర్డు లోపలి తీగలు, గ్యాసు పైపులు, ఎత్తైన కప్పులు తెలిసినవాళ్ళకే వదిలేయండి. వాళ్ళ కూలి వాళ్ళకు ఇవ్వండి, పక్కన నిలబడి చూసి నేర్చుకోండి. ఇంట్లో అబ్బాయికి స్క్రూడ్రైవరు ఇచ్చి అమ్మాయికి చీపురు ఇవ్వకండి. ఇద్దరికీ రెండూ ఇవ్వండి.

మా కుళాయి ఇప్పుడు కారడం లేదు. మొన్న పక్కవాటా కోడలు వచ్చి, "పిన్నిగారూ, మా కుళాయి కూడా కారుతోంది, ఒకసారి చూస్తారా?" అంది. నేను చూడనన్నాను. స్పానరు దాని చేతికిచ్చి పక్కన నిలుచున్నాను.